పడవ కనపడితే నోరు తెరుస్తోంది!

"మామా, ఇగో చూడు.. ఎంత దగ్గరికొచ్చిందో!" అంటూ మా మేనల్లుడు వాట్సాప్‌లో ఓ వీడియో పంపాడు. వాడు ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. పరీక్షలు అయిపోగానే అందరూ కలిసి వ్యాన్ మాట్లాడుకుని వెళ్లే చోటు ఒకటుంది.. ఓస్లోబ్. వీడియో అక్కడిదే.

నీలం నీళ్లు. సన్నటి చెక్క పడవ. అందులో కూర్చున్న ఒకాయన గుప్పిట్లోంచి ఏదో నీళ్లలోకి వదులుతున్నాడు. ఆ పడవ పక్కన, తోక కిందికీ నోరు పైకీ పెట్టి నిట్టనిలువుగా వేలాడుతోందొక చేప. మన ట్రాక్టర్ ట్రాలీ కన్నా పొడుగ్గా ఉంది. ఒంటి నిండా తెల్లటి చుక్కలు. పడవ రెండు గజాలు జరిగితే అదీ రెండు గజాలు జరుగుతోంది. కుడితి బకెట్ వెనకాల దూడ నడిచినట్టే!

మా అమ్మకు చూపిస్తే "పాపం, మంచిగ వెడ్తున్నరు గదా బిడ్డా.. పుణ్యం" అంది. అమ్మ అన్న ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. పెట్టడం పుణ్యమని మనకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. చీమకు పిండి, కాకికి ముద్ద, కోతికి అరటిపండు. మరి పెట్టే చెయ్యి టికెట్ అమ్ముకుంటుంటే తినే నోటికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు ఓస్లోబ్‌లో ఉన్నారు. వాళ్లు చెప్పినవి చదువుతుంటే నాకు అడుగడుగునా మా నందిపేట్ మక్క చేన్లే గుర్తొచ్చాయి.

పేరులోనే తిమింగలం

ముందు ఆ చేప సంగతి. ఇంగ్లీషులో వేల్ షార్క్, మనం తిమింగల సొర అనుకోవచ్చు. తిమింగలం కాదు, సొర చేపే. ప్రపంచంలోని చేపలన్నిట్లోకీ పెద్దది. పూర్తిగా ఎదిగితే 18 మీటర్ల దాకా పెరుగుతుంది. ఇంత ఒళ్లున్నా మనిషిని కొరకదు. నోరు బార్లా తెరిచి ఈదుతూ నీళ్లతోపాటు వచ్చే ప్లవకాలను, చేప గుడ్లను, చిట్టి రొయ్యలను మొప్పల దగ్గర జల్లెడ పట్టుకుని మింగుతుంది. తిండి కోసం వేల కిలోమీటర్లు తిరుగుతుంది. 1,900 మీటర్ల లోతుకు కూడా దిగినట్టు రికార్డులున్నాయి.

ఇంకో తమాషా. మన వేలిముద్రల్లాగే దీని ఒంటి మీది చుక్కల అమరిక ఒక్కో చేపకు ఒక్కోలా ఉంటుంది. మొప్పల వెనకాల పక్కభాగాన్ని ఫొటో తీసి, కంప్యూటర్‌లో పోల్చి 'ఇది ఫలానాది' అని చెప్పేస్తారు. ఆ పోల్చే పద్ధతుల్లో ఒకటి అసలు ఆకాశంలో నక్షత్రాల గుంపుల్ని గుర్తుపట్టడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడినదట! ఓస్లోబ్ కథంతా తెలిసింది ఆ చుక్కల పుణ్యమానే.

2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి చేర్చింది. పిల్లలు పెట్టే వయసుకు రావడానికే దశాబ్దాలు పడుతుంది కాబట్టి, ఒక్కటి పోయినా లోటు పూడటం కష్టం.

రొయ్యపొట్టుతో మొదలు

సెబు ద్వీపం దక్షిణపు కొసన ఓస్లోబ్ పట్టణం, దాని పరిధిలో టాన్-అవాన్ అనే చిన్న జాలరి పల్లె. అక్కడి జాలర్లు 'ఉయాప్' అనే చిట్టి రొయ్యల్ని పట్టేవాళ్లు. మన దగ్గర సంతలో అమ్మే రొయ్యపొట్టు లాంటిదే, కాకపోతే పచ్చిది. తిమింగల సొరకూ అదే ఇష్టం. అది వలల దగ్గరికొచ్చి తగులుకుంటుంటే, దాన్ని పక్కకు మళ్లించడానికి నాలుగు గుప్పిళ్లు నీళ్లలో వేసి దూరంగా తీసుకెళ్లేవాళ్లట. పంట కాపాడుకోవడానికి పశువుకు గడ్డి చూపించి అవతలికి తోలినట్టు!

అది చూసిన పర్యాటకులు ముచ్చటపడ్డారు. ఫొటోలు ఇంటర్నెట్‌కెక్కాయి. 2011 చివరికల్లా వలల దగ్గర్నుంచి మళ్లించడానికి వేసే గుప్పెడు రొయ్యలు, పర్యాటకుల దగ్గరికి రప్పించడానికి వేసే గుప్పెడయ్యాయి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా, ఆదివారం లేదు పండుగ లేదు, ప్రతిరోజూ. తెడ్డు వేసే పడవల్లో పర్యాటకుల్ని తీసుకెళ్తారు. అరగంట టైము. కొందరు పడవలోంచే చూస్తారు, కొందరు లైఫ్ జాకెట్ వేసుకుని దూకుతారు.

ఇది లాభమా నష్టమా అనే ముందు ఒక లెక్క చెప్పాలి. 2012 నుంచి 2016 దాకా ఐదేళ్లలో అక్కడికి ఏడున్నర లక్షల మందికి పైగా వచ్చారు. టికెట్ల మీద వచ్చింది దాదాపు కోటీ 84 లక్షల డాలర్లు. అందులో 60 శాతం జాలర్ల సంఘానికి, 30 శాతం మున్సిపాలిటీకి, 10 శాతం ఆ పల్లెకు. అంతకు ముందు రోజుకు డాలరున్నర కూడా రాని ఇళ్లవి. పిల్లలు కాలేజీలకెళ్లారు, ఇళ్లు లేచాయి. కొందరు చేపల వేటే తగ్గించేశారు. దూరాన కూర్చుని 'ఆపేయండి' అనడం నాకు తేలిక. వాళ్ల మధ్య నిలబడి అనడం తేలిక్కాదు.

చుక్కలు చెప్పిన సంగతులు

లార్జ్ మెరైన్ వర్టిబ్రేట్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఫిలిప్పీన్స్.. పేరు పొడుగు కాబట్టి 'లమావే' అంటారు. ఆ సంస్థ వాళ్లు 2012 నుంచి రోజూ నీళ్లలోకి దిగి చుక్కలు ఫొటో తీశారు. 2013 చివరికి 158 సొరల్ని విడివిడిగా గుర్తుపట్టారు. వాటిలో 129 మగవే. సగటు పొడవు ఐదున్నర మీటర్లు. అంటే ఇంకా ఈడుకు రాని కుర్ర సొరలన్నమాట! తిరగాల్సిన వయసులో ఉన్నవి, తిండి ఎక్కడెప్పుడు దొరుకుతుందో నేర్చుకోవాల్సిన వయసులో ఉన్నవి.

వచ్చిన ప్రతిదీ అక్కడే పాతుకుపోలేదు. చాలావరకు నాలుగు రోజులుండి వాటి దారిన అవి పోయాయి. కానీ కొన్ని మాత్రం వారాలు, నెలల తరబడి ఉండిపోయాయి. రోజూ హాజరు! మామూలుగా ఒక చోట ప్లవకాలు అయిపోతే ఇంకో చోటికి వెళ్లాల్సిన జీవి, ఎన్నటికీ అయిపోని చోటును కనిపెట్టింది మరి.

ఆనా ష్లైమర్ అనే పరిశోధకురాలి బృందం 2015లో అచ్చువేసిన అధ్యయనం నాకు బాగా నచ్చింది. సొరల్ని ఎన్నోసార్లు గమనించి రాసుకున్నారు. మనిషి దగ్గరికి వస్తే అది ఏం చేసింది? పక్కకు తిరిగిందా, లోతుకు దిగిందా, ఉలిక్కిపడిందా, పట్టించుకోలేదా? తేలిందేమిటంటే, కొత్తగా వచ్చిన సొరను ముట్టుకుంటే అది తప్పుకుంటుంది. అక్కడ బాగా అలవాటుపడ్డది అంతగా తప్పుకోదు. తిండి వాసన ముందు భయం మొద్దుబారిందన్నమాట. చూసేవాళ్లకది 'స్నేహం'గా కనపడుతుంది. 'ఎంత మంచిదో, కదలను కూడా కదల్లేదు' అంటారు.

ఇక మా వాడి వీడియోలో ఉన్న ఆ నిలువు భంగిమ. ప్లవకాలు బాగా చిక్కగా ఉన్నచోట తిమింగల సొర అప్పుడప్పుడూ అలా నిలబడి తాగినట్టు తింటుంది, అది దానికి తెలియని విద్యేం కాదు. కానీ ఓస్లోబ్‌లో స్థిరపడిన సొరలు, వచ్చిపోయే సొరల కన్నా చాలా ఎక్కువసేపు అలా నిలువుగానే ఉంటున్నాయని ఆ అధ్యయనమే చెప్పింది. ఈదుతూ జల్లెడ పట్టాల్సినది పడవ అంచున నోరు తెరిచి నిలబడుతోంది. అదీ పైపై వెచ్చటి నీళ్లలో, ఎండలో, గంటల తరబడి. చేపది మనలా ఒకే వేడిలో ఉండే ఒళ్లు కాదు. నీళ్లు వెచ్చగా ఉంటే ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. ఆ టైములో అది లోతుకు దిగాలో, ఇంకో తీరానికి ప్రయాణం కట్టాలో.. దాని లెక్క దానికుంటుంది కదా!

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. తల వైపు నాలుగు మీటర్లు దూరముండాలి, ముట్టుకోకూడదు, సన్‌స్క్రీన్ రాసుకుని దిగకూడదు. దిగేముందు అన్నీ చెప్తారు కూడా. అదే అధ్యయనంలో, చేపకు ఎంత దూరం అన్న రూలు చాలావరకు పరిశీలనల్లో తప్పింది. 2012తో పోలిస్తే 2014కు ఆ రూలు తప్పడం ఇంకా పెరిగింది. ఇది పర్యాటకుల తప్పేనని నేననను. తిండి ఉన్న చోటికే చేప వస్తుంది, చేప ఉన్న చోటికే పడవను తెస్తారు, పడవలోంచి జనం దూకుతారు. ఇన్ని ఒకే చోట పోగయ్యాక నాలుగు మీటర్లని ఏ టేపు పెట్టి కొలుస్తారు?

మరో సంగతి గాయాలది. అక్కడికి పదేపదే వచ్చే సొరల ఒంటి మీద మచ్చలు ఎక్కువని 2020లో ఇంకో అధ్యయనం వచ్చింది. తాళ్ల రాపిడి, పడవ అడుగు గీసుకోవడం లాంటివి చాలావరకు చిన్నవే. కానీ అసలు దిగులు అది కాదు. ఓస్లోబ్‌లో పడవలకు ఇంజిన్ ఉండదు, తెడ్డే. ఇవే సొరలు ఫిలిప్పీన్స్‌లోని ఇంకా వేరే చోట్ల కూడా తిరుగుతాయని చుక్కల ఫొటోలే పట్టిచ్చాయి. అక్కడి పడవలకు ఇంజిన్లుంటాయి, ఫ్యాన్ రెక్కలుంటాయి. 'పడవంటే తిండి' అని నేర్చుకున్న చేపకు, ఏ పడవ మంచిదో ఏది కాదో ఎవరు చెప్తారు?

పక్కనే ఉన్న పగడపు దిబ్బలను కూడా కొలిచారు. జనం తాకిడి లేని చోటుతో పోలిస్తే అక్కడ పగడాలు తక్కువ, పాచి ఎక్కువ.

కోతి, పసుపు, మక్కంకి

ఇప్పుడు మా ఊరికి రండి. నందిపేట్ నుంచి సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్లు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటరే. ఆర్మూర్, నందిపేట్ అంటే పసుపు. ఈ చుట్టుపక్కల పసుపులోనే మక్క వేయడం పాత అలవాటు. పసుపు కొమ్ము నేలలో ఊరుతుంటే పైన మక్క అంకి కట్టి ముందుగానే చేతికొస్తుంది. ఆ పైకం పసుపు ఖర్చులకు ఆసరా.

మా ఇంటెనక చేను కౌలుకు చేసే అన్న చెప్పే మాట: "కోతి పసుపును ముట్టదే అన్నా. గది చేదని దానికెర్కే. మక్కంకి మాత్రం పాలు పట్టిన్నాటి నుంచి వదల్దు. ఒక్కటి తింటే మంచిగుండు.. పది ఇరుస్తది, తొమ్మిది పారేస్తది." ఆయన, ఆయన భార్య పంట కాలంలో పొద్దుగాల ఒకరు, మాపటికి ఒకరు కాపలా. వడిసెల, పటాకులు, డబ్బా చప్పుడు. ఒకసారి పులి బొమ్మ ఫ్లెక్సీ కట్టారు. వారం భయపడ్డాయి, ఎనిమిదో రోజు దాని మీదే కూర్చున్నాయి!

కోతులు ఊళ్ల మీద పడటానికి కారణాలు చాలా ఉన్నాయి. అడవిలో పండ్ల చెట్లు పోయాయి, గుట్టలు కరిగిపోయాయి. తప్పంతా అరటిపండ్లదే అనను. కానీ 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తూ మహబూబ్ ఘాట్ దగ్గర ఒక్క పావుగంట ఆగి చూడండి. కారు స్లో అయిందంటే చాలు, చెట్ల మీదున్నవి పిట్టగోడ మీదికొస్తాయి. అద్దం దిగిందంటే చెయ్యి చాస్తాయి. పొట్టకు కరుచుకున్న పిల్ల కోతి అదంతా చూస్తుంటుంది. మేడి చెట్టు ఎక్కడుందో, ఏ నెలలో కాస్తుందో కాదు, ఏ రంగు కవర్లో ఏముంటుందో నేర్చుకుంటుంది. గుడి మెట్ల దగ్గరైతే పుట్నాల పొట్లాలు, అరటిపండ్లు 'కోతులకు' అనే అమ్ముతారు. టికెట్ లేదు కానీ, వ్యాపారం అదే.

దీని మీదా పరిశోధన జరిగింది. ఉత్తర బెంగాల్‌లోని బక్సా పులుల అభయారణ్యంలో అస్మితా సేన్‌గుప్తా, ఆమె సహచరులు కోతుల వెంట తిరిగి 2015లో ఫలితాలు ప్రకటించారు. జనం తిండి పెట్టే కాలంలో కోతులు అడవి పండ్లు తినడం తగ్గుతోంది. దాంతో అవి మోసుకెళ్లి వదిలే గింజలూ తగ్గుతున్నాయి. వదిలినవి కూడా తారు రోడ్డు మీదే ఎక్కువ పడుతున్నాయి. తారు మీద చెట్టు మొలవదు కదా! రేపటి పండ్ల చెట్టును కూడా ఇవాళ్టి అరటిపండు తినేస్తోందన్నమాట.

టైము మారిపోవడం గురించి మరో ఉదాహరణ. కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ దీవి దగ్గర 'స్టింగ్రే సిటీ' అని ఒక చోటుంది. స్టింగ్రేలంటే మన కోస్తావాళ్లు టేకు చేపలనేవి. మామూలుగా అవి రాత్రిపూట ఒంటరిగా తిరిగి మేస్తాయి. పర్యాటక పడవలవాళ్లు పగటిపూట తిండి వేయడం మొదలుపెట్టాక అక్కడివి పగలు గుంపుగా తిరిగి, రాత్రి పడుకుంటున్నాయి. రాత్రిని పగలు చేసేసింది గుప్పెడు తిండి!

నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకు అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపగలం సరే, కారు బ్రేకు చప్పుడుకు చెట్టు దిగే అలవాటుకు మాత్రం ఏ ఆపరేషనూ లేదు.

పుట్టింటికొచ్చిన ఆడపడుచు

తిమింగల సొర మనకు పరాయిదేం కాదు. గుజరాత్ తీరంలో వేరావల్, మాంగ్రోల్ వైపు ఒకప్పుడు వందలకొద్దీ వేటాడేవాళ్లు. దాని కాలేయం నూనె పడవల చెక్కకు పూత. 2000లో మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' డాక్యుమెంటరీ ఆ వేటను ప్రపంచానికి చూపించింది. 2001లో కేంద్రం దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. చట్టంతో పని సగమే అయింది. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలుపెట్టిన ప్రచారానికి రామకథ చెప్పే మొరారీ బాపు వచ్చి, 'ఇది కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, ఎలా చంపుతారు?' అన్న భావంతో మాట్లాడారు. జాలర్లకు అది తగిలింది. అప్పట్నుంచి వలలో పడితే వల కోసి వదిలేస్తున్నారు. తెగిన వలకు పరిహారం ఇస్తారు. అలా బతికి బయటపడ్డవి వందల్లో ఉన్నాయి.

మన విశాఖ దగ్గర తంతడి బీచ్‌కు 2021 డిసెంబరులో ఒకటి కొట్టుకొచ్చింది. అటవీ శాఖవాళ్లు, జాలర్లు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి నెట్టారు. ఈదుకుంటూ వెళ్లిపోయింది. గుజరాత్‌లోగానీ తంతడిలోగానీ ఎవరూ దానికి గుప్పెడు రొయ్యపొట్టు పెట్టలేదు. ఆడబిడ్డ వచ్చింది, వెళ్లింది.

మా మేనల్లుడు అడిగాడు, "మరి చూడొద్దా మామా? చూడకపోతే ప్రేమెట్ల వస్తది?" అని. మంచి ప్రశ్నే. అందుకే సెబులో, దావోలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇది చెప్పాలి. అదే ఫిలిప్పీన్స్‌లో సోర్సోగాన్ రాష్ట్రంలో డోన్సోల్ అని ఒక ఊరుంది. లెగాజ్పి దాకా విమానం, అక్కడ్నుంచి రోడ్డు. ఆ ఊరివాళ్లు దీన్ని 'బుటాండింగ్' అంటారు. 1998లో అక్కడి సొరల గురించి దేశమంతా తెలిశాకే ఫిలిప్పీన్స్ వాటి వేటను నిషేధించింది. డోన్సోల్‌లో తిండి వేయరు. నదులు మోసుకొచ్చే సారంతో ప్లవకాలు పెరిగినప్పుడు అవే వస్తాయి. సీజన్ సుమారుగా నవంబరు నుంచి జూన్ దాకా, ఫిబ్రవరి నుంచి మే మధ్య ఎక్కువ. ఒక సొర దగ్గర ఒక్కటే పడవ, నీళ్లలో ఆరుగురికి మించకూడదు. ఫ్లాష్ కొట్టకూడదు, ముట్టుకోకూడదు. కనపడుతుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

అక్కడ పడవలో ఒకతను ఎత్తుగా ఎక్కి కూర్చుని నీళ్లలో నల్లటి నీడ కోసం వెతుకుతుంటాడు. నీడ కనపడితే దూకమంటాడు. కనపడకపోతే టైమైపోయాక పడవ ఒడ్డుకు తిరిగొచ్చేస్తుంది.